కౌన్సిలర్ గదిలో లేరు

పిల్బరా, పశ్చిమ ఆస్ట్రేలియా
1997 మే 11

కౌన్సిలర్ ఐవీ బరిడ్జ్ గారి దివ్యసముఖానికి,

నీ తమ్ముడు రెక్స్ వంగి వంగి దండాలు పెట్టి రాస్తున్నాడు. నువ్వు గెలిచావన్న కబురు ఈ గనిలో ఇంకా చాటుతూనే ఉన్నాను. పేపర్లో పడిన నీ ఫోటో, అదే నోరు తెరుచుకుని ఉన్నది, క్రేను అద్దానికి అంటించాను. మా మేస్త్రీ అది చూసి, "మీ అక్కా? మీ ఇంట్లో బుర్ర ఎవరికి వెళ్ళిందా అనుకునేవాణ్ణి" అన్నాడు. నిజమే, బుర్ర నీకు, మోకాళ్ళ నొప్పులు నాకు. నాన్న బతికుంటే నిన్ను చూసి పెల్వర్టన్ బజారంతా చొక్కా గుండీలు తెగేలా ఛాతీ విరుచుకుని తిరిగేవాడు.

అసలు సంగతికొస్తాను. అక్కా, నేను వచ్చేస్తున్నాను. ఎర్రదుమ్ము తిన్నది చాలు. ఇక్కడ నా గది నీ కోళ్ళ గూడంత ఉంటుంది. పక్క గదిలోవాడు దగ్గితే నా మంచం కదులుతుంది. పొద్దున్నే కిటికీ తెరిస్తే కనిపించేది ఎదుటివాడి కిటికీ. పోయేలోగా నీళ్ళు కనిపించే కిటికీ ఒకటి నాకు కావాలి. ఇంతకు మించి ఈ జన్మకి ఏమీ అడగను.

కాడెల్ మడుగు దగ్గర నాన్న రేకుల ఇల్లు తీసేసి కొత్తది కడతాను. హోబార్ట్‌లో ఒకతను ప్లాను గీస్తున్నాడు. జులైలో కౌన్సిల్‌కి పెడతాను. నువ్వు లోపల ఉన్నావు కదా, ఒక్క మాట వేశావంటే అయిపోతుంది. తర్వాత నీ క్విన్స్ పళ్ళ జామ్ నా కొత్త వంటింట్లో కూర్చుని తిందాం. ఈ ఏటి సీసా ఎప్పుడు పంపుతున్నావు?

నీ ఓటరు కాలేకపోయిన
రెక్స్


పెల్వర్టన్, టాస్మేనియా
జూన్ 2

ఒరేయ్ రెక్స్,

ముందు ఆ ఫోటో పీకెయ్. ఫోటో తీసినవాడు ఓటర్లని చూసి నవ్వమన్నాడు, నేను ఆవలించాను.

నువ్వు వస్తున్నావని చదివి పొయ్యి మీద పాలు మరిచిపోయాను. అంతా పొంగి పారింది. పారనీ. నీ గది సంగతి ఇన్నాళ్ళూ ఎందుకు రాయలేదురా?

ఇప్పుడు ఒక సంగతి చెబుతాను, గట్టిగా వినుకో. ఈ మడుగు హంసల కోసం, చేపల కోసం ప్రభుత్వం కాపాడుతున్న నీరు. దాని ఒడ్డున ఇటుక పెట్టాలన్నా, కంకర పొయ్యాలన్నా ముందు మా కౌన్సిల్ చూడాలి. పసుపు నోటీసు కంచెకి కట్టాలి, ఊరంతా చదవాలి, ఎవరికేం అభ్యంతరం ఉన్నా చెప్పుకోవాలి. ఆ దరఖాస్తు గురించి కౌన్సిలర్లు బయట ఎవరితోనూ మాట్లాడకూడదు. ఎవరైనా ఉత్తరం రాస్తే ఆఫీసులో ఇచ్చెయ్యాలి, అది ఫైల్లోకి వెళ్తుంది. నువ్వింకా పెట్టలేదు కాబట్టి మొన్నటి నీ ఉత్తరం ఆ గండం దాటింది. పెట్టిన రోజు నుంచీ ఆ ముక్క నాకు రాయకు. రాశావో, ఇచ్చేస్తాను. ప్లాను గీసేవాణ్ణి ముందుగా మా ఆఫీసులో టానియా అనే అమ్మాయిని కలవమను. కట్టడాలన్నీ పరిశీలించేది ఆమే. అడిగితే ఓపిగ్గా చెబుతుంది.

ఈ పని నాకు ఎంత బాగుందో తెలుసా! పోయిన వారం మడుగులో గుల్లలు పెంచి అమ్మేవాడొకడు షెడ్డు కడతానంటే అందరం రబ్బరు బూట్లు వేసుకుని చూడ్డానికి వెళ్ళాం. నేను తొడల దాకా బురదలో దిగబడిపోయాను. మేయర్ గ్లెనిస్, టానియా చెరో చెయ్యీ పట్టుకుని లాగారు. మనిషినొచ్చాను, బూట్లు అక్కడే ఉండిపోయాయి. వట్టి కాళ్ళతో నిలబడే ఆ షెడ్డు ఎక్కడ ఉండాలో ఎక్కడ ఉండకూడదో వాడికి చూపించాను. కొట్టుకి వెళ్తే జనం ఆపి ఏదో ఒకటి అడుగుతారు. నేను వర్షం గురించి చెప్పి తప్పించుకుంటాను. వాతావరణం గురించి ఈ ఊళ్ళో నా అంత చదువుకున్నవాళ్ళు ఇప్పుడు లేరు.

బూట్లు కొనుక్కోవాల్సిన
ఐవీ


పిల్బరా
జులై 20

అక్కా,

పెట్టేశాను! ప్లాను మీ ఆఫీసుకి చేరిపోయింది. హోబార్ట్ ఆయన చాలా పేరున్నవాడట, ఎవరినీ ముందుగా కలవక్కర్లేదన్నాడు. ఇల్లు నీళ్ళ అంచున, ఛాతీ ఎత్తున కంకర పోసి దాని మీద. గడప దిగితే చెక్క వంతెన, వంతెన చివర పడవ. చూస్తే నువ్వే అంటావు, మా తమ్ముడు రాజాలా బతుకుతాడని.

ఉత్తరం ఇచ్చేస్తానని బెదిరించావు. చిన్నప్పుడు అమ్మతో చెబుతా, చెబుతా అనేదానివి, ఎప్పుడైనా చెప్పావా? సరే, కౌన్సిలర్ గారి మర్యాద మనమెందుకు తియ్యాలి. నువ్వు రాయక్కర్లేదు. గాలి మనవైపు ఉంటే క్విన్స్ జామ్ పంపు. ఎదురుగా ఉంటే నిమ్మ జామ్ పంపు. ఎవడికి తెలుస్తుంది?

సీసా కోసం ఎదురుచూసే
రెక్స్


పెల్వర్టన్
ఆగస్టు 4

రెక్స్,

ఉత్తరం అందింది. దాని గురించి ముందే చెప్పాను కదా, మళ్ళీ చెప్పను.

గోధుమరంగు కోడి గుడ్లు పెట్టడం మానేసింది. చర్చి పైకప్పు మళ్ళీ కారుతోంది, గంట కింద బకెట్ పెట్టారు. చలి ఎక్కువగా ఉంది కానీ వానలు లేవు. పొడిగా పోతోంది ఈ ఏడు. మేరీ పిన్నికి కంట్లో శుక్లం తీశారు. ఇప్పుడు అందరి ముడతలూ కనిపిస్తున్నాయని గోల పెడుతోంది.

ఈ ఏడు జామ్ పంపడం లేదు. ఏ జామూ పంపడం లేదు. ఉన్ని మేజోళ్ళు అల్లాను, అవి పంపుతున్నాను.

ఐవీ


పిల్బరా
ఆగస్టు 24

ఐవీ,

ఇక్కడ నీడలో కూడా చెమటలు కారుతున్నాయి. ఉన్ని మేజోళ్ళు పంపావు. వాటి అర్థం ఏమిటో నాలుగు రోజులు ఆలోచించాను. ఇప్పుడు తెలిసింది.

నిన్న మన ఊరి కెవ్ ఫోన్ చేశాడు. వాడి కంచె తగాదా కోసం ఆ రోజు మీటింగ్‌లో వెనక బెంచీ మీద ఉన్నాడట. "మీ ఇంటి సంగతి రాగానే మీ అక్క లేచి బయటికి పోయిందిరా. ఎవరి మొహం చూడలేదు. తలుపు కూడా వేసుకుని మరీ పోయింది" అన్నాడు. స్థలం చూసి వచ్చాక తేలుద్దామని వాయిదా వేశారట. నా కోసం ఒక్క మాట అనేవాళ్ళు ఆ గదిలో లేరు. ఉండాల్సిన మనిషి నన్ను వదిలేసి పోయింది. జామ్ పంపకపోయావు, పోనీ అనుకున్నాను. నా పేరు వింటేనే లేచిపోతావా? అంత పెద్దదానివైపోయావా?

మీ వాళ్ళకి నా స్థలం గురించి ఏం తెలుసు? ఆ గ్లెనిస్‌కి ఏం తెలుసు? ఏటా సంతలో బహుమతి కొట్టే ఆవిడ స్పాంజ్ కేకు హోబార్ట్ బేకరీలో కొన్నదని ఊరందరికీ తెలుసు, అడిగే దమ్ము ఎవరికీ లేదు. అలాంటివాళ్ళు నా ఇంటికి తీర్పు చెబుతారు. ఈ ఏడు వానల్లేవు గనక వాళ్ళు వచ్చి చూసినా నేల ఎండి ఉంటుంది. కంకర ఎందుకు దండగ అంటారు. డెబ్భై నాలుగులో నీళ్ళు నాన్న మంచం కోళ్ళు ముంచాయి. నేనే ఆయన్ని పడవలో ఎక్కించుకుని రోడ్డు మీదికి తెచ్చాను. ఆ నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో నాకు తెలుసు గనకే అంత ఎత్తు పొయ్యమన్నాను. ఆ కంకర పోస్తే నీళ్ళు నా మీదికి రావు. పక్కవాళ్ళ మీదికి పోతే వాళ్ళూ పోసుకుంటారు.

హంసలంటారు. హంసల గురించి మనకి చెప్పేదెవరు? ఆగస్టు వస్తే నాన్న విరిగిన తెడ్లు వరసగా పాతి తీగ కట్టేవాడు, గుర్తుందా? "ఇవతల మనది, అవతల వాటిది." మనం ఆ తెడ్లు దాటితే బెల్టు తీసేవాడు. కుక్కని కట్టేసేవాడు. తన పడవని కూడా అటు తిప్పేవాడు కాదు, రోడ్డు వైపు నుంచి మోసుకుని పోయేవాడు, పిల్లలు నీళ్ళలోకి దిగేదాకా. ఏ చట్టం చెప్పింది ఆయనకి? ఏ కౌన్సిల్ చెప్పింది? ఆ మడుగుని ఆయనంత ప్రేమించిన మనిషి ఈ భూమ్మీద పుట్టలేదు. నేను ఆయన కొడుకుని. ఆ తెడ్ల అవతల నేను ఇల్లు కట్టుకుంటే ఆ నీళ్ళకి ఏమీ కాదని చెప్పడానికి ఇంకెవరి సంతకం కావాలి?

నీ మేజోళ్ళు మేస్త్రీకి ఇచ్చేశాను. ఫోటో పీకేశాను.

రెక్స్


పెల్వర్టన్
సెప్టెంబర్ 20

నా తమ్ముడు రెక్స్‌కి,

తీర్పు వచ్చేసింది, నా నోటి తాళం ఇవాళ ఊడింది. ముందు చేదు మింగెయ్. కాదన్నారు. అందరిదీ ఒకటే మాట.

నేను లేచి వెళ్ళిన సంగతి ఇప్పుడు విను. తమ్ముడి ఇంటి మీద అక్క ఓటు వెయ్యకూడదు, మాట్లాడకూడదు, ఆ గదిలోనే ఉండకూడదు. లేచి, తలుపు వేసుకుని, బయట ఫోటోకాపీ మిషన్ పక్కన ఒక పాత కుర్చీ ఉంటుంది, పిలిచేదాకా అందులో కూర్చోవాలి. కెవ్‌కి ఇది బాగా తెలుసు. కానీ తెలిసిందంతా చెప్పేస్తే వాడికి కథలో సరదా ఏముంటుంది? ఇది నీకు జూన్‌లోనే రాశాననుకున్నాను. రాయలేదని నీ కోపం చదివాకే తెలిసింది. అప్పటికి రాయడానికి వీల్లేదు. నువ్వు అక్కడ ఉడికిపోతున్నావని తెలిసి కూడా నోట్లో నీళ్ళు పోసుకుని కూర్చున్నాను. జామ్ సీసాలు అలమరలో వరసగా కనిపిస్తుంటే నాకు ఏడుపొచ్చింది. పంపితే అది నా ఓటయ్యేది, నువ్వే చేశావు దాన్ని అలా, వెధవా.

నీ రెండు ఉత్తరాలూ ఇచ్చేశాను. అవునురా, నిజంగానే. అమ్మతో ఎప్పుడూ చెప్పలేదు, కానీ ఇది అమ్మ కాదు. రెండోది వచ్చేసరికి మీటింగ్ కాగితాలు అచ్చయిపోయాయి. ఆలస్యంగా వచ్చినవి అందరి ముందూ పైకి చదవాలి, ఒక్క మాట వదలకుండా. గది నిండా జనం. బయట కుర్చీలో నేను. ఆ తలుపు మన తాతల నాటిది, నేను చెవులు మూసుకోవాలని ఏ చట్టంలోనూ లేదు.

టానియా చదివింది. ఆ పిల్ల గొంతు వాతావరణ సూచన చదివినట్టుంటుంది. మేజోళ్ళ దగ్గర నవ్వులు. స్పాంజ్ కేకు దగ్గర గది పగిలిపోయింది. నేను కుర్చీలో ముడుచుకుపోయాను. నవ్వులు తగ్గాక గ్లెనిస్ గొంతు వినిపించింది: "ఆ అంశం ప్రణాళిక పరిధిలోకి రాదు. చదవండమ్మా."

తర్వాత తెడ్ల దగ్గరికి వచ్చింది.

స్థలం చూడ్డానికి అందరూ వెళ్ళినప్పుడు ఆ పుల్లలు చూశారటరా. చివికిపోయినవి, వరసగా. ఇవేమిటని టానియా అడిగితే ఎవరికీ తెలియలేదట. నాకు తెలుసు. నీ ప్లాను ఆ వరసకి అవతల ఉందని ఆఫీసు బయట అంటించిన కాగితం చూసిన రోజే తెలుసు. గొంతు దాకా వచ్చిన మాట మింగి మింగి నాకు అన్నం సయించలేదు. ఇంట్లో చీపురుతో మాట్లాడాను. కానీ నీ తరఫున గానీ, నీకు ఎదురుగా గానీ చెప్పే హక్కు నాకు లేదు. నువ్వు చెప్పావు. నాన్న చెప్పిన మాట, ఇవతల మనది, అవతల వాటిది, ఆ పిల్ల చదివేసరికి లోపల ఒక్క కుర్చీ కూడా కిర్రుమనలేదు. పిల్లలు నీళ్ళలోకి దిగేదాకా పడవ మోసుకెళ్ళేవాడని చదివేటప్పుడు ఆమె గొంతు కూడా వాతావరణం మరిచిపోయింది. నీళ్ళు పక్కవాళ్ళ మీదికి పోతాయని కూడా నువ్వే రాశావు. ఇక వాళ్ళు ఆలోచించడానికి ఏం మిగిల్చావు? నీ ఇంటికి నీ అంత గట్టిగా అడ్డుపడ్డవాళ్ళు ఈ ఊళ్ళో లేరు.

నాకు ఎంత గర్వం వేసిందో ఎలా రాయను? మన నాన్న సంగతి ఊరంతా విన్నది. చెప్పింది నా తమ్ముడు. బయటికి వస్తూ గుల్లలవాళ్ళు టోపీలు తీసి నాకు దండం పెట్టారు. నాకు కాదులే, నాన్నకి.

నీకు కోపం వస్తుంది. రానీ. మళ్ళీ దరఖాస్తు పెట్టావంటే ఆ రోజు నుంచీ నాది మళ్ళీ కోళ్ళ పురాణమే.

కుర్చీలోని నీ అక్క
ఐవీ


పిల్బరా
అక్టోబర్ 3

ఐవీ,

అందింది. రాయడానికి ఏమీ లేదు.

రెక్స్


పిల్బరా
నవంబర్ 2

ప్రియమైన అక్కకి,

మీ ఆఫీసుకి వేరే కవరు పంపాను. అందులో ఏముందో ఇందులో లేదు.

ఇక్కడ ఎండ ముదిరింది. కొత్త వంటవాడు వచ్చాడు, వాడు చేసిన కూరలో కంగారూ మాంసం ఉందో బూటు తోలుందో తేల్చలేక పందేలు కాస్తున్నాం. నా క్రేను కొక్కెం దగ్గర ఒక పిట్ట గూడు పెట్టింది. దించమన్నారు. పిల్లలు ఎగిరేదాకా వేరే క్రేను వాడుకోమన్నాను. మేస్త్రీ గొణిగాడు, కానీ సరే అన్నాడు. ఆయన దగ్గర నుంచి మేజోళ్ళు వెనక్కి తీసుకున్నాను. అప్పటికే కన్నం పెట్టాడు, సన్నాసి.

నీ గోధుమరంగు కోడి మళ్ళీ పెడుతోందా? చర్చి బకెట్ నిండిందా? మేరీ పిన్ని ముడతలకి అలవాటు పడిందా? అన్నీ వివరంగా రాయి. నువ్వు రాసే కోళ్ళ కబుర్లు ఎంత గొప్పవో నాకు ఇదివరకు తెలియలేదు.

అద్దం మీద ఫోటో మళ్ళీ అంటించాను. మేస్త్రీ అడిగితే మా అక్క, కౌన్సిలర్ అని చెప్పాను. ఎప్పుడు లేచి బయటికి వెళ్ళాలో తెలిసిన మనిషి అని చెప్పాను.

ఈ ఉత్తరం ఎవరికి కావాలంటే వాళ్ళకి చూపించుకో.

నీ తమ్ముడు
రెక్స్


పెల్వర్టన్
డిసెంబర్ 13

ఒరేయ్ నా బంగారం,

అయిపోయింది! అవునన్నారు! ఇందాకే మీటింగ్ నుంచి వచ్చాను, ఇంకా కోటు కూడా విప్పలేదు.

నీ ప్లాను చూడాలని ప్రాణం కొట్టుకుపోయింది, చూడలేదు. అంతా ఇవాళ తలుపు సందులోంచే విన్నాను. ఇల్లు తెడ్లకి ఇవతల, రోడ్డు దగ్గర చెట్ల మధ్య, స్తంభాల మీద. కంకర లేదు, వంతెన లేదు. నీళ్ళొస్తే కిందనుంచి పోతాయి, ఎవరి మీదికీ నెట్టవు. ఇంతవరకూ బాగానే విన్నాను. తర్వాత టానియా, "దరఖాస్తుదారుడు తనకి తానే ఒక షరతు పెట్టుకున్నాడు, నా ఉద్యోగంలో ఇలాంటిది చూడలేదు" అంది. ఆగస్టు మొదలు హంస పిల్లలు నీళ్ళలోకి దిగేదాకా తెడ్ల వరస ఎవరూ దాటకూడదు, దరఖాస్తుదారుడితో సహా, కౌన్సిలర్ అయిన అతని అక్కతో సహా. మళ్ళీ నవ్వులు. నేనూ నవ్వాను, మిషన్ పక్కన ఒక్కదాన్నే, కళ్ళు తుడుచుకుంటూ.

కిటికీ గురించి దిగులు పడకు. చెట్ల సందులోంచి నీళ్ళు కనిపిస్తాయట. నీకు హంసలు కనిపిస్తాయి, వాటికి నువ్వు కనిపించవు. ఆ తెడ్లు చివికిపోయాయి కదా, గుల్లలవాళ్ళు ఎవరికి వాళ్ళు పాత తెడ్డు ఒకటి తెచ్చి కౌన్సిల్ గోడకి ఆనించి పోతున్నారు. నువ్వు వచ్చి పాతాలట. గ్లెనిస్ నీ గృహప్రవేశానికి స్పాంజ్ కేకు తెస్తుందట, నీ కళ్ళ ముందే గుడ్లు కొట్టి చేస్తుందట. ఆవిడ మొహంలో నవ్వు లేదు, జాగ్రత్తగా తిను.

జామ్ పంపుతున్నాను. అలమరలో ఉన్నవన్నీ. క్విన్స్.

రెక్స్, మీటింగ్ రికార్డు కాపీ తెచ్చుకున్నాను. నీ ఇంటి గురించి రెండు పేజీలుంది, నాన్న పేరు కూడా ఉంది, తెడ్ల దగ్గర. నా గురించి ఒకే ఒక్క వాక్యం: "ఈ అంశం జరిగినంతసేపూ కౌన్సిలర్ బరిడ్జ్ గదిలో లేరు." ఆ వాక్యం కత్తిరించి నాన్న ఫోటో కింద అంటించాను.

ఐవీ